పండ్ల లెక్క

ఆటోనగర్ల చేరాలు మేస్త్రి గోనెసంచి పరిచి
రెండు గేరుబాక్సులు పెట్టిండు,
పొయ్యి మీదికెల్లి దించిన గంజుల లెక్క.
"ఏది ఎక్కియ్యమంటవ్ డ్రైవర్ సాబ్?"

గిది నాలుగు గేర్లది, బండితోని పుట్టిందే.
మట్టెవాడ యాకూబ్ అలీ మిషన్ మీద
కొత్త పండ్లు కోసిచ్చిండు.
మెట్టుకు మెట్టుకు జానెడే ఎడం.
రెండుల కెల్లి మూడుకు మారితే
ఇంజన్ దమ్ము తెగదు,
చెప్పే మాట నడుమల మర్చిపోదు.

గది ఐదు గేర్లది, ఇసుజు కంపెనీ.
ఐదోది ఓవర్‌డ్రైవు.
ఇంజన్ ఎనిమిది చుట్లు తిరిగితే
షాఫ్టు పది చుట్లు తిరుగుతది.
జనగామ రోడ్డు మీద ఎనభైల పోతుంటె
బానెట్ కింద పిల్లి పండుకున్నట్టు ఉంటదట.
కాకపోతే ఫ్లోరు కొయ్యాలె,
స్టీరింగు కింది కడ్డీ పీకి పక్కన పెట్టాలె.
అరవైమూడు మోడల్ అంబాసిడరు,
పరకాల జిన్నింగు మిల్లు షెడ్డుల
దూది కింద దొరికిన బండి.
దాని కడుపు కొయ్యాలంటె చెయ్యాడదు.

కాజీపేట షెడ్డుల ముప్పైనాలుగేండ్లు
డీజిల్ ఇంజన్ తోలినోన్ని నేను.
ఎనిమిది నాచీలు.
ఎప్పుడు ఏ నాచి అన్నది
ఎత్తు చెప్పింది, ఎనక బొగ్గు వ్యాగన్లు చెప్పినయి,
ఎర్రదీపం చెప్పింది.
బల్లార్షా దాక పట్టాలు ఎటంటె అటు.
నీకేది కావాల్నని ఒక్కడన్న అడిగిండా?
గందుకే ఇయ్యాల నోరు పెగల్లే.

"వారం దినాలు ఆగు" అన్న.

పాత జర్నీ బుక్కుల ఖాళీ పేజీలున్నయి.
స్కూటరు మీద పొయ్యిన జాగలన్నీ రాసుకున్న.
సోమవారం మడికొండ, సున్నం బస్తా.
మంగళవారం ఫాతిమానగర్ బ్రిడ్జి మీద
ఇరవై నిమిషాలు, కదలని లారీ ఎనక.
బుధవారం ఎటూ పోలే.
గురువారం ఎనుమాముల, మిరపఘాటుకు పదకొండు తుమ్ములు.
శనివారం ధర్మసాగర్, ఆరోగ్యమ్మ చెల్లెలింటికి.
ఏడా యాభై దాటలే.
ఓవర్‌డ్రైవు అడిగే తొవ్వ
పుస్తకంల ఒక్కటి గూడ లేదు.
అయినా రాత్రి నిద్రల ఐదో గేరే ఏసుకుంటున్న.

ఆరోగ్యమ్మ అన్నది:
"సప్పుడు లేని బండి నీకెందుకయా,
కుడి చెవు ఎన్నడో రైలుకు ఇచ్చొస్తివి.
మోగినా మోగకున్నా నీకొక్కటే గద."
నవ్విన.
నవ్వు సగంల ఆగింది.

ఆదివారం పూజ అయినంక
చేరాలు ఎవరిదో ఐదు గేర్ల అంబాసిడరు తాళమిచ్చిండు.
స్టేషన్ ఘనపూర్ దాటినంక తొవ్వ ఖాళీ.
ఐదోది ఏసిన.
కడ్డీ మీద చెయ్యి ఉంది గని
కడ్డీల ఏం లేదు.
వణుకు లేదు, గుంజుడు లేదు.
సచ్చినోని నాడి పట్టుకున్నట్టు
ముల్లు దిక్కు సూసిన. ఎనభై.
ఇంజన్ ఉన్నదో, ఏడనన్న దిగిపోయిందో!
రఘునాథపల్లి రాకముందే నాలుగుకు దించిన.
అరచేతిలకు బండి మళ్ల వచ్చి కూసున్నది.

అప్పుడు ఎరుకైంది,
చెవు పోయిన కాడికెల్లి
నేను ఈ చేత్తోనే వింటున్నానని.

"నాలుగుదే ఎక్కియ్యి" అన్న.
చేరాలు తుడుచుకుంటున్న గుడ్డ ఆపి,
"పెద్ద రోడ్డెక్కితె గొంతు చించుకుంటది మల్ల,
తరువాత నన్ననొద్దు" అన్నడు.
చించుకోనియ్యి.
ఆరోగ్యమ్మ చెవులకు దూది కావాల్నంటె
సీటు సందులల్ల ఇంకా ఉంది,
పరకాలది, ఎంత గుంజినా తీరని దూది.

వచ్చేటప్పుడు
బల్ల కిందికి జరిపిన ఐదు గేర్ల పెట్టెను
ఒక్కసారి ముట్టి సూసిన.
సల్లగ ఉంది.
ధర గూడ అడిగిన,
ఊకెనే.